కుకీ బ్యానర్ పెట్టే ముందు, పెట్టాక: డేటా ఎటు పోతోందో చూసుకుని సమ్మతి అడగడం ఎలా

ప్రైవసీ చట్టం అనగానే వెబ్‌సైట్ నడిపేవాళ్లు చాలామంది ముందు ఒక కుకీ బ్యానర్ (బ్రౌజర్‌లో సైట్ దాచే చిన్న ఫైళ్లైన కుకీలకు అనుమతి అడిగే పట్టీ) తెచ్చి అతికిస్తారు. నన్నడిగితే అది చివర్లో చేయాల్సిన పని. మీ సైట్ నుంచి ఏ సమాచారం ఎవరికి పోతోందో మీకే తెలియకపోతే, వచ్చినవాళ్లను దేనికి ఒప్పుకోమని అడుగుతారు? ముందు లెక్క తేల్చుకోవాలి. తర్వాత దాన్ని ఆపడం చేతనవ్వాలి. అడగడం ఆ తర్వాతే.

నేను పనిచేసిన ఒక సైట్ సంగతి చెబుతాను. వైద్య పరీక్షలు బుక్ చేసుకునే సైట్ అది. బ్యానర్ ఉంది. ‘ఒప్పుకుంటున్నాను’, ‘వద్దు’ రెండూ పక్కపక్కనే, ఒకే సైజులో, ఒకే రంగులో ఉన్నాయి. ‘వద్దు’ నొక్కి ఒక పరీక్ష పేజీ తెరిచాను. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే, ప్రకటనల కంపెనీ సర్వర్‌కు ఒక రిక్వెస్ట్ వెళ్లి ఉంది. అందులో నేను చూస్తున్న పేజీ అడ్రసు మొత్తం ఉంది. ఆ అడ్రసులో పరీక్ష పేరుంది: హెచ్‌ఐవీ. రెండేళ్ల కిందట ఏదో ప్రచారం కోసం ఎవరో పిక్సెల్ కోడ్‌ను (ఎవరు ఏ పేజీ చూశారో ప్రకటనల కంపెనీకి చెప్పే చిన్న కోడ్) నేరుగా థీమ్ ఫుటర్‌లో పేస్ట్ చేసి వదిలేశారు. అలాంటిదొకటి ఉందని బ్యానర్‌కు తెలియనే తెలియదు. అప్పటి నుంచి ఏ సైట్ ఇచ్చినా బ్యానర్ ఎలా ఉందో తర్వాత చూస్తాను, ‘వద్దు’ నొక్కాక ఏం జరుగుతోందో ముందు చూస్తాను.

చట్టం ఎక్కడ పట్టుకుంటుంది

యూరప్‌లో రెండు చట్టాలు కలిసి పనిచేస్తాయి. మొదటిది 2002 నాటి ఈ-ప్రైవసీ డైరెక్టివ్. 2009లో సవరించాక అది చెప్పేది ఇదీ: యూజర్ పరికరంలో ఏదైనా దాచాలన్నా, అందులో ఉన్నది చదవాలన్నా, కొన్ని తప్పనిసరి వాటికి తప్ప, ముందుగా సమ్మతి ఉండాలి. రెండోది 2018 మే 25న అమల్లోకి వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, జీడీపీఆర్. ఆ సమ్మతి ఎలాంటిదై ఉండాలో, వ్యక్తిగత డేటాను ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మీ బాధ్యతలేమిటో అది చెబుతుంది. మీ ఆఫీసు యూరప్‌లో లేకపోయినా, అక్కడివాళ్లకు సరుకో సేవో అందిస్తుంటే, లేదా అక్కడివాళ్లు ఆన్‌లైన్‌లో ఏం చేస్తున్నారో గమనిస్తుంటే జీడీపీఆర్ మీకూ వర్తిస్తుంది.

ఈ నియమం ‘కుకీ’ అనే పేరున్న దానికే అనుకుంటే పొరపాటు. లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్‌లో సైట్ సమాచారం దాచుకునే ఇంకో చోటు) రాసినా, యాప్‌లో ఫోన్ అడ్వర్టైజింగ్ ఐడీ చదివినా అదే లెక్క. ‘మేం కుకీలు మానేశాం, లోకల్ స్టోరేజ్ వాడుతున్నాం’ అని డెవలపర్ చెబితే సమస్య తీరలేదు, చోటు మారిందంతే.

కాలిఫోర్నియా చట్టం సీసీపీఏ దారి వేరు. పెద్దవాళ్ల విషయంలో అది ముందుగా సమ్మతి అడగమనదు. కానీ ‘నా డేటా అమ్మొద్దు, పంచొద్దు’ అని చెప్పే వీలు తప్పనిసరిగా ఉంచాలంటుంది. బ్రౌజరే ఆ మాట పంపే గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ సిగ్నల్‌ను కూడా గౌరవించాలి. ఆ సిగ్నల్‌ను పట్టించుకోనందుకు, డేటా అమ్ముతున్న సంగతి చెప్పనందుకు 2022 ఆగస్టులో సౌందర్య సాధనాలు అమ్మే సెఫోరా 12 లక్షల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో కుకీ అనే మాటే లేదు. అయినా కుకీ ద్వారా వ్యక్తిగత డేటా తీసుకుంటే సమ్మతి నియమాలు వర్తిస్తాయి. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిష్‌లోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో ఏ భాషలోగానీ చదువుకునే వీలు కల్పించాలి. ఆ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు.

దేశానికో బ్యానర్ పెట్టే ఓపిక లేకపోతే యూరప్ కొలతకే తయారుచేయండి. కాలిఫోర్నియా సిగ్నల్‌ను దానికి అదనంగా కలపండి. చిన్న టీమ్‌లకు నేను ఎప్పుడూ ఇదే చెబుతాను.

మొదటి పని: చేతిని బ్యానర్ మీద పెట్టకుండా చూడండి

బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరవండి. ఎఫ్12 నొక్కి డెవలపర్ టూల్స్ తెచ్చుకుని, నెట్‌వర్క్ ట్యాబ్‌లో పాత లాగ్ పోకుండా ఉంచే టిక్ పెట్టండి. ఇప్పుడు మీ సైట్ తెరవండి. బ్యానర్ వస్తుంది, దాన్ని ముట్టుకోకండి. అర నిమిషం ఆగండి. తర్వాత రెండు చోట్ల చూడండి. అప్లికేషన్ ట్యాబ్‌లో (ఫైర్‌ఫాక్స్‌లో దాని పేరు స్టోరేజ్) కుకీలు, లోకల్ స్టోరేజ్, సెషన్ స్టోరేజ్ ఉంటాయి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో మీ డొమైన్ కాని ప్రతి డొమైన్ పేరూ రాసుకోండి.

ఇలా మూడుసార్లు చేయాలి, ప్రతిసారీ కొత్త ప్రైవేట్ విండోలో: ఏమీ నొక్కకుండా ఒకసారి, ‘వద్దు’ నొక్కి ఒకసారి, ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కి ఒకసారి. హోమ్ పేజీతో ఆగిపోకండి. వీడియో ఉన్న పేజీ, మ్యాప్ ఉన్న కాంటాక్ట్ పేజీ, పేమెంట్ పేజీ, లాగిన్ అయ్యాక కనిపించే పేజీలు తప్పకుండా చూడండి. అసలు సంగతులు బయటపడేది అక్కడే.

రాసుకునేటప్పుడు ఒక్కో దానికీ ఇవి ఉండాలి: పేరు, పెట్టింది ఎవరు, ఎన్ని రోజులుంటుంది, దేనికి, అందులో ఏ సమాచారం పోతోంది, సైట్‌లోకి దాన్ని తెచ్చింది ఎవరు. ఆ చివరి గడి నా అనుభవంతో కలుపుకున్నది. తెచ్చినవాళ్ల పేరు లేని స్క్రిప్ట్‌ను తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు, అందుకే అది ఏళ్లకేళ్లు అక్కడే పడి ఉంటుంది.

రిక్వెస్ట్ మీద క్లిక్ చేసి లోపల ఏముందో కూడా చదవండి. పేజీ అడ్రసు, పేజీ టైటిల్, ఫారంలో టైప్ చేసిన ఈమెయిల్, వెతికిన మాట... వీటిలో ఏవైనా బయటికి పోతున్నాయా? కుకీ లేకుండా కూడా డేటా పోతుంది. గూగుల్ ఫాంట్స్‌ను గూగుల్ సర్వర్ నుంచి నేరుగా లోడ్ చేయడం వల్ల యూజర్ ఐపీ అడ్రసు బయటికి వెళ్లిందని 2022 జనవరిలో మ్యూనిక్ కోర్టు ఒక సైట్ యజమానితో 100 యూరోల పరిహారం ఇప్పించింది. మొత్తం చిన్నదే, కానీ తప్పించుకోవడం ఇంకా తేలిక. ఫాంట్ ఫైళ్లు మీ సర్వర్‌లోనే పెట్టుకుంటే సరిపోతుంది.

రెండో పని: ‘తప్పనిసరి’ అనే మాటను పొదుపుగా వాడండి

సమ్మతి అక్కర్లేని కుకీలు ఉన్నాయి. అవి కొన్నే. లాగిన్ సెషన్, కార్ట్‌లో వేసినవి గుర్తుంచుకోవడం, భద్రత కోసం పెట్టే టోకెన్, లోడ్‌ను సర్వర్ల మధ్య పంచడం, యూజర్ తానే ఎంచుకున్న భాష, బ్యానర్‌లో ఆయన చెప్పిన జవాబు. పరీక్ష ఒక్కటే: ఇది తీసేస్తే యూజర్ అడిగిన పని ఆగిపోతుందా? ‘మా వ్యాపారానికి ఇది చాలా ముఖ్యం’ అనేది జవాబు కాదు. ప్రకటనలు లేకపోతే మీకు డబ్బు రాకపోవచ్చు, నిజమే. అయినా యూజర్ అడిగింది ప్రకటన కాదు.

అనలిటిక్స్ (సైట్‌కు ఎంతమంది వచ్చారు, ఏం చూశారు అనే లెక్కలు) దగ్గర గొడవ ఎక్కువ. సాధారణ నియమం ప్రకారం దానికీ సమ్మతి కావాలి. ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ సీఎన్ఐఎల్ మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు ఇస్తుంది. ఆ లెక్కలు మీ సైట్ కోసమే అయి ఉండాలి, ఆ డేటాను వేరే డేటాతో కలపకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇవి కుదిరేలా సెట్ చేసుకోగలిగితే మంచిదే. కుదరకపోతే అనలిటిక్స్‌ను సమ్మతి జాబితాలోనే పెట్టండి.

ఈ వడపోతలో ఎవరికీ పనికిరానివి చాలా తేలతాయి. ఎప్పుడో ఆపేసిన ప్రచారాల పిక్సెల్స్, ట్రయల్ అయిపోయిన హీట్‌మ్యాప్ టూల్ (పేజీలో ఎక్కడ ఎక్కువ క్లిక్ చేస్తున్నారో చూపేది) లాంటివి. వాటికి సమ్మతి అడగడం దండగ. తీసేయండి.

మూడో పని: ముందు ఆపండి

బ్యానర్ తెరమీద కనిపిస్తున్నంత మాత్రాన స్క్రిప్ట్‌లు ఆగవు. ట్యాగ్ మేనేజర్ (బయటి స్క్రిప్ట్‌లన్నిటినీ ఒకచోట నుంచి నడిపే టూల్) వాడుతుంటే ప్రతి ట్యాగ్‌కూ ‘సమ్మతి వచ్చాకే నడవాలి’ అనే షరతు విడిగా పెట్టాలి. నేరుగా కోడ్‌లో ఉన్న స్క్రిప్ట్‌లైతే బ్రౌజర్ వాటిని నడపకుండా టైప్ మార్చి ఉంచాలి, సమ్మతి వచ్చాక అసలు టైప్‌కు తేవాలి. చాలా బ్యానర్ టూల్స్ ఈ పని చేస్తాయి, కానీ ఏ స్క్రిప్ట్‌ను ఏ విభాగంలో వేయాలో మీరే చెప్పాలి.

పేజీలో ఇరికించిన వీడియోలకు, మ్యాప్‌లకు నేను వాడే పద్ధతి వేరు. మొదట ఒక బొమ్మ మాత్రమే చూపిస్తాను. ఆ బొమ్మ కూడా మా సర్వర్ నుంచే వస్తుంది. దాని మీద ‘ఈ వీడియో చూస్తే మీ సమాచారం ఫలానా కంపెనీకి వెళ్తుంది’ అని ఒక లైను ఉంటుంది. నొక్కితేనే అసలు వీడియో లోడ్ అవుతుంది. బ్యానర్‌లో అన్నీ వద్దన్నవాళ్లు కూడా తమకు కావాల్సిన ఆ ఒక్క వీడియో చూసుకోగలుగుతారు.

ఇది ఎంత ముఖ్యమో ఆన్‌లైన్‌లో బట్టలమ్మే షీన్ కేసు చూస్తే తెలుస్తుంది. 2025 సెప్టెంబరులో సీఎన్ఐఎల్ ఆ కంపెనీకి 15 కోట్ల యూరోల జరిమానా వేసింది. సైట్ తెరవగానే, ఎవరూ ఏమీ నొక్కకముందే కుకీలు పడుతున్నాయి. అన్నీ వద్దని నొక్కాక కూడా కొత్తవి పడుతున్నాయి. మీరు ఎఫ్12తో చేసిన పరీక్షలో బయటపడేవి సరిగ్గా ఇవే.

నాలుగో పని: అడిగే మాట

‘మీకు మెరుగైన అనుభవం అందించడానికి కుకీలు వాడుతున్నాం’ అనే వాక్యం చూస్తే నాకు బాధేస్తుంది. అందులో సమాచారం సున్నా. దాని బదులు ఇలా రాయొచ్చు:

‘మీరు మా సైట్‌లో ఏ పేజీలు చూశారో 3 ప్రకటనల కంపెనీలకు చెబుతాం. దాన్ని బట్టి వేరే సైట్లలో మీకు ప్రకటనలు కనిపిస్తాయి. ఆ కంపెనీల పేర్లు ఇక్కడ ఉన్నాయి. వద్దన్నా సైట్ మామూలుగానే పనిచేస్తుంది.’

చదివినవాళ్లకు విషయం తెలిసిపోతుంది. కొంతమంది వద్దంటారు. అననివ్వండి. తెలిసి వద్దనే హక్కు కోసమే కదా ఈ చట్టమంతా.

మిగతా నియమాలు స్పష్టంగానే ఉన్నాయి. ముందే టిక్ పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదని 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో యూరప్ న్యాయస్థానం తేల్చింది. కుకీ ఎంతకాలం ఉంటుందో, బయటివాళ్లకు అది అందుతుందో లేదో కూడా చెప్పాలని అదే తీర్పు అంది. పేజీని కిందికి జరిపితే ఒప్పుకున్నట్టే అనడం చెల్లదు. అంగీకరించడానికి ఒక్క క్లిక్, వద్దనడానికి మూడు తెరలు దాటాలంటే అదీ చెల్లదు. ఆ కారణంతోనే 2022 జనవరిలో సీఎన్ఐఎల్ గూగుల్‌కు 15 కోట్లు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోల జరిమానా ప్రకటించింది. అందుకని ‘వద్దు’ బటన్ మొదటి తెరమీదే ఉండాలి, ‘సరే’ బటన్ ఎంత కనిపిస్తుందో అంత కనిపించాలి. అనలిటిక్స్‌కు, ప్రకటనలకు విడివిడిగా జవాబు చెప్పే వీలుండాలి.

చెప్పిన జవాబును సీఎన్ఐఎల్ సూచించినట్టు ఆరు నెలలు గుర్తుంచుకోండి. వద్దన్నవాళ్లను పేజీకోసారి మళ్లీ అడగడం విసిగించి ఒప్పించడమే. ఒక చిన్న సాంకేతిక చిక్కు: జావాస్క్రిప్ట్‌తో పెట్టిన కుకీని సఫారీ 7 రోజులకు మించి ఉంచదు. దాంతో జవాబు మరిచిపోయి బ్యానర్ వారం వారం మళ్లీ వస్తుంది. ఆ ఒక్క కుకీని సర్వర్ నుంచి పెట్టండి.

మనసు మార్చుకోవడం కూడా అంతే తేలికగా ఉండాలి. ప్రతి పేజీ అడుగున ‘కుకీ ఎంపికలు’ అనే లింకు చాలు. ఎవరైనా వెనక్కి తీసుకుంటే స్క్రిప్ట్‌లు ఆపండి, మీ డొమైన్ మీద ఉన్న కుకీలు చెరిపేయండి. బయటి డొమైన్ కుకీలను మీ కోడ్ చెరపలేదు. ఆ సంగతి దాచకుండా అక్కడే చెప్పి, బ్రౌజర్‌లో ఎలా చెరుపుకోవాలో రాయండి. ఎప్పుడు, బ్యానర్ ఏ వెర్షన్‌కు, దేనికి ఒప్పుకున్నారో రికార్డు ఉంచండి. సమ్మతి ఉందని నిరూపించాల్సింది మీరే.

ఐదో పని: బయటికి ఇచ్చిన డేటాకు కాగితాలు

కుకీ బ్యానర్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి దాని మీదే అందరి టెన్షన్. డేటాను ఇంకొకరికి ఇవ్వడం కనిపించదు. నిజానికి బరువంతా ఇక్కడే ఉంది.

మీరు రాసుకున్న జాబితాలో ప్రతి కంపెనీ పక్కన ఒక ప్రశ్న వేసుకోండి: ఇది మనం చెప్పిన పనే చేస్తుందా, లేక ఆ డేటాను తన అవసరానికి కూడా వాడుకుంటుందా? హోస్టింగ్, ఈమెయిళ్లు పంపే సర్వీసు సాధారణంగా మొదటి రకం. వాళ్లను ప్రాసెసర్ అంటారు. వాళ్లతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. మీరు చెప్పినదానికి మించి వాడరని, మీ అనుమతి లేకుండా ఇంకో కంపెనీని మధ్యలోకి తేరని, పని అయిపోయాక డేటా చెరిపేస్తారని లేదా తిరిగిస్తారని, తనిఖీకి ఒప్పుకుంటారని అందులో ఉండాలి. పెద్ద సర్వీసుల దగ్గర ఈ ఒప్పందం రెడీగానే ఉంటుంది. మీరు దాన్ని ఆమోదించారా, కాపీ దాచుకున్నారా అనేది చూసుకోండి.

రెండో రకం ప్రకటనల నెట్‌వర్క్‌లు, సోషల్ మీడియా బటన్లు. ‘డేటా తీసుకునేది వాళ్లు, మాకేం సంబంధం’ అనే మాట చెల్లదు. జర్మనీలో ఫ్యాషన్ ఐడీ అనే బట్టల సైట్ ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టుకుంది. బటన్ నొక్కకపోయినా, ఫేస్‌బుక్ ఖాతా లేకపోయినా వచ్చినవాళ్ల డేటా అటు వెళ్లేది. డేటా సేకరించి పంపేంతవరకు ఫేస్‌బుక్‌తో పాటు ఆ సైట్ కూడా ఉమ్మడి బాధ్యురాలేనని 2019 జులై 29న యూరప్ న్యాయస్థానం చెప్పింది. కాబట్టి ఎవరు నోటీసు ఇస్తారు, ఎవరు సమ్మతి తీసుకుంటారు, యూజర్ ప్రశ్నలకు ఎవరు జవాబిస్తారు అనేది ముందే రాసుకోవాలి. సమ్మతి తీసుకోవాల్సింది మీరే, ఎందుకంటే మనిషి అడుగుపెట్టింది మీ సైట్‌లో.

‘ఈమెయిళ్లను హ్యాష్ చేసే ఇచ్చాం, పేర్లు ఎవరికీ తెలియవు’ అనే మాటను నమ్మి కూర్చోకండి. హ్యాష్ అంటే ఈమెయిల్‌ను ఒక సూత్రంతో అర్థంకాని అక్షరాల వరుసగా మార్చడం. అవతలి కంపెనీ దగ్గర అవే ఈమెయిళ్లు ఉంటే, వాటినీ అలాగే హ్యాష్ చేసి పోల్చుకుంటే మనిషి దొరికిపోతాడు. ప్రకటనల కోసం జాబితా ఇచ్చేదే అలా పోల్చుకోవడానికి. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ బెటర్‌హెల్ప్ తన యూజర్ల ఈమెయిళ్లను ఇలాగే ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకు ఇచ్చింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో దాని చేత 78 లక్షల డాలర్లు కట్టించింది. మానసిక సమస్యకు సాయం కోరి వచ్చారన్న సంగతే అక్కడ బయటికి వెళ్లిన రహస్యం.

ప్రైవసీ పాలసీలో ‘మా భాగస్వాములతో పంచుకుంటాం’ అని రాసి వదిలేయకండి. నా డేటా ఎవరెవరికి ఇచ్చారో పేర్లు చెప్పండని ఎవరైనా అడిగితే, ఎవరికిచ్చారో గుర్తించడం అసాధ్యమైతేనో, ఆ కోరిక అర్థంపర్థం లేనిదైతేనో తప్ప పేర్లు చెప్పాల్సిందే. ఆస్ట్రియా పోస్ట్ కేసులో 2023 జనవరి 12న వచ్చిన తీర్పు ఇది. జవాబుకు జీడీపీఆర్ ఇచ్చే సమయం ఒక నెల. జాబితా ముందే ఉంటే అది పావుగంట పని.

చెరిపేయమన్నా అంతే. మీ దగ్గర చెరిపితే సరిపోదు. ఎవరెవరికి ఇచ్చారో వాళ్లకూ ఆ మాట చేరవేయాలి. అందుకని ప్రతి కంపెనీ పక్కన ‘చెరిపేయమని ఎవరికి రాయాలి’ అనే అడ్రసు కూడా రాసి ఉంచండి. డేటా బయటపడిందని తెలిస్తే నియంత్రణ సంస్థకు 72 గంటల్లో చెప్పాలి. ఆ హడావిడిలో ఫోన్ నంబర్లు వెతుక్కుంటూ కూర్చోలేరు. డేటా యూరప్ దాటి వేరే దేశపు సర్వర్‌కు వెళ్తుంటే దానికి చట్టబద్ధమైన ఆధారం వేరే ఉండాలి, సాధారణంగా ప్రామాణిక ఒప్పంద నిబంధనలు. ఆ వంతు వచ్చేసరికి ఒక లాయర్ చేత చూపించుకోవడమే మంచిది.

తర్వాత

ఎవరైనా వచ్చి ‘చిన్న పిక్సెల్ పెట్టాలి, ఐదు నిమిషాల పని’ అంటే ముందు ఆ జాబితాలో ఒక వరుస నింపమనండి. దేనికి, ఏం పోతుంది, ఎవరికి, ఎప్పుడు తీసేస్తారు. కొత్త కంపెనీ చేరితే పాత సమ్మతి దానికి చాలదు, మళ్లీ అడగాలి. మూడు విండోల పరీక్ష మాత్రం థీమ్ మార్చినప్పుడు, ప్లగిన్ అప్‌డేట్ చేసినప్పుడు చేయండి, ఏ మార్పూ లేకపోయినా మూడు నెలలకోసారి చేయండి. ప్లగిన్‌లు మీకు చెప్పకుండానే కొత్త డొమైన్లను పిలవడం నేను చాలాసార్లు చూశాను.

ఆ వైద్య పరీక్షల సైట్‌లో ఆ సాయంత్రమే పిక్సెల్ తీసేశాం. పేజీ అడ్రసుల్లో పరీక్ష పేర్ల బదులు నంబర్లు పెట్టాం, టైటిల్‌లో కూడా పేరు కనపడకుండా మార్చాం. అప్పటిదాకా వెళ్లిన డేటా చెరిపేయమని ప్రకటనల కంపెనీకి రాశాం. ఏం పోయింది, ఎప్పటి నుంచి పోయింది అనేది యూజర్లకు మెయిల్‌లో రాశాం. ఒకావిడ ఒక్క లైనులో జవాబిచ్చారు: ‘నేను వద్దనే నొక్కాను, నాకు గుర్తుంది.’